పువ్వు తల ఎటు?

కిందటి నెల సూరత్‌లోని కతర్‌గామ్‌లో ఒక ఇంట్లో కర్టెన్లు దించడానికి వెళ్ళాను. ఆ ఇంటి కొత్తకోడలికి పూల గుడ్డలంటే మొహం మొత్తిందట. కిటికీలకూ కుర్చీలకూ అన్నింటికీ ఒకటే బూడిదరంగు కావాలంది. కావాలంటే వేద్దాం, మన పనే అది. మేడమీద చిన్నగదిలో స్టూలెక్కి కర్టెన్ మీద చెయ్యి వేశాను. మఖ్మల్. అరచేయి పైనుంచి కిందికి జారుతుంటే నూగు ఎదురుతిరిగింది, పిల్లిని తోకవైపు నుంచి నిమిరినట్టు. అగరొత్తుల వాసన, ఏళ్ళ తరబడి ఎండ తాగిన గుడ్డ వాసన. నా ముఖానికి అంత దగ్గరగా గులాబీలు, వాటి వెనక మెత్తటి మధ్యాహ్నపు వెలుగు. ఇంట్లో మిగతా కర్టెన్లన్నిటికన్నా అదొక్కటే ముదురు రంగు. "ఇది ముందునుంచీ ఇంతేనా, మురికి పట్టిందా?" అని కోడలు గుజరాతీలో అడిగింది. "ముందునుంచీ ఇంతే" అన్నాను. అని, ఆ గుడ్డ పట్టుకుని స్టూలు మీదే నిలబడిపోయాను. నాకు కళ్ళు తిరుగుతున్నాయనుకుని పాపం ఆ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది.

ఆ కర్టెన్ కత్తిరించింది యాదమ్మత్త. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. సూరత్‌లోనే డిండోలీ దాటి ఆమె పేరు పెద్దగా వెళ్ళలేదు. సిరిసిల్ల పక్క పల్లెనుంచి భర్త రాజయ్య మగ్గాల పనికి వస్తే ఆయన వెంట వచ్చింది. రెండు గదుల ఇల్లు. ముందు గది మొత్తం ఒకే ఒక బల్ల. చుట్టాలొస్తే ఆ బల్లమీదే పడుకోబెట్టేవాళ్ళు. రింగురోడ్డు మీద కర్టెన్లూ సోఫా గుడ్డలూ అమ్మే జయేశ్ సేఠ్ దుకాణం నుంచి తానులు ఆ బల్ల మీదికి వచ్చేవి. అరచేతంత గులాబీలు, వాటిని అల్లుకున్న తీగలు, నడుమ ఎక్కడో ఒక పిట్ట. అమ్మమ్మల ట్రంకుపెట్టెల అడుగున దొరికే గుడ్డల్లో ఉండేవే, ఆ పాతకాలపు పూలు మళ్ళీ ఫ్యాషనైన రోజులవి. అలాంటి గుడ్డతో కర్టెన్ కుట్టాలంటే రెండు పన్నాలు కలపాలి. కలిపిన చోట ఈ పన్నాలో సగం పువ్వు, ఆ పన్నాలో సగం పువ్వు చేరి ఒకే పువ్వు కావాలి. వెంట్రుకవాసి జరిగినా పువ్వు వంకర నవ్వు నవ్వుతుంది. యాదమ్మత్త కలిపితే అతుకు ఎక్కడుందో సేఠే వేళ్ళతో తడుముకుని వెతుక్కునేవాడు.

మా నాన్నది తెనాలి. రైల్వేలో గూడ్సు ఆఫీసు గుమస్తాగా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను డిగ్రీ పాసై, బ్యాంకు పరీక్ష రెండుసార్లు తప్పి, ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఊరికే కూర్చోలేక ఒకరోజు పూల కట్‌పీసులు కొనుక్కొచ్చి హాలు కిటికీకి కర్టెన్ కుట్టాను. నాకు నేనే మెచ్చుకుని వేలాడదీశాను కూడా. పక్క క్వార్టర్‌కి సోఫా గుడ్డలు ఇవ్వడానికి వచ్చిన యాదమ్మత్త మంచినీళ్ళకని మా ఇంట్లోకొచ్చింది. నుదుట పెద్ద బొట్టు, రెండు చేతులకూ గాజులు, చంకలో గుడ్డల మూట. గ్లాసు కింద పెట్టి కర్టెన్ దగ్గరికెళ్ళి, అతుకు వెంబడి పైనుంచి కిందిదాకా చూపుడువేలితో రాసింది.

"ఏ చెట్టు పువ్వు బిడ్డా ఇది? సగం బంతి, సగం మందారం. గిసొంటి చెట్టు మా ఊర్ల లేదు."

నాకు ఒళ్ళు మండింది. "కుట్టుకున్నదాన్ని నాకు లేని బాధ మీకెందుకండీ?" అన్నాను. అమ్మ నాలుక కరుచుకుంది.

"బాధ నాకు గాదు, పువ్వుకు" అంది యాదమ్మత్త. "రేపొచ్చి నా బల్ల కాడ నిలవడు. నేర్పిస్త."

వెళ్ళకూడదనుకున్నాను. మర్నాడు పదింటికి ఆమె గుమ్మంలో ఉన్నాను. ఆ వేలు నా కుట్టును పరీక్షిస్తోందని అనుకున్నాను గాని, అచ్చు వేసిన రంగు నూలు గుడ్డ మీద కాస్త దళసరిగా నిలుస్తుందనీ, ఆ వేలు పువ్వును చదువుతోందనీ నాకెలా తెలుస్తుంది!

ఆ గది ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. పక్క సందులో మగ్గాలు టకటకలాడుతూ ఉండేవి. కాసేపటికి ఆ చప్పుడు వినిపించడం మానేసేది, నేలలో మాత్రం సన్నటి వణుకు మిగిలేది. మధ్యాహ్నం రెండు దాటాక ఎండ కిటికీలోంచి వచ్చి బల్ల మీద పరిచిన గుడ్డ మీద నడిచేది. ఒక్కో పువ్వు దగ్గరా ఆగి వెళ్తున్నట్టు ఉండేది. ఇస్త్రీ ఆవిరి, తడిసిన గంజి వాసన, చాయ్‌లో అల్లం. నాకు అక్కడ నిద్రా మెలకువా కాని ఒక హాయి. తాను విప్పి పరవగానే యాదమ్మత్త కత్తెర చేతిలోకి తీసుకుని రోజూ ఒకే మాట అడిగేది.

"జర చూసి చెప్పు బిడ్డా, పువ్వు తల ఎటుంది?"

నేను బల్ల చుట్టూ తిరిగి, వంగి, కాడ ఎటుందో రేకులెటున్నాయో చూసి, "పైకి అత్తా" అనో "గోడవైపు" అనో చెప్పేదాన్ని. అప్పుడు కోసేది. ఏడాదిన్నర రోజూ ఇదే పరీక్ష. ఇంత చిన్న ప్రశ్నకు రోజూ జవాబు చెప్పించుకోవడమేమిటి, నేనేమైనా ఒకటో తరగతి పిల్లనా అని లోపల గునిసేదాన్ని. ఇంకొకటి: ఆమె సుద్దగీత నమ్మేది కాదు. గీత వెంబడి బెత్తెడుకో గుండుసూది గుచ్చించి, వాటిని వేళ్ళతో తాకుతూ కత్తెర నడిపేది. "సుద్ద చెరుగుతది బిడ్డా, సూది చెరగదు" అనేది. నేను దాన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాను, పెద్ద శాస్త్రమైనట్టు.

పూలను గదిలో ఎక్కడ కూర్చోబెట్టాలో ఆమె చెప్తుంటే వినాలి. కర్టెన్‌లో పెద్ద పువ్వు కుచ్చిళ్ళ మడతలో పడి నలగకూడదు. కుర్చీ వీపుకు పువ్వు నట్టనడుమ రావాలి, అదీ కొంచెం పైకి. "కుర్చీ ఖాళీగున్నప్పుడు పువ్వే కూసుంటది. మనిషొస్తే జరుగుతది. మనిషి లేస్తె మల్ల కూసుంటది. గందుకే దాని ముఖం నిలువుగ ఉండాలె." ఒకసారి నేను, "ఎవరు చూస్తారత్తా ఇవన్నీ?" అన్నాను. "ఎవరు చూడకున్నా ఇల్లు చూస్తది" అంది. ఈ మాట మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోలేదు, అయినా ఇదే గుర్తుంది.

అప్పుడు వచ్చింది కతర్‌గామ్ పని. వజ్రాలు సానబట్టే యూనిట్లున్న కుటుంబం. కొత్తగా మేడ కట్టుకున్నారు, వాస్తు పూజ ముహూర్తం పెట్టుకున్నారు. ఆ ఇంటి పెద్దావిడను అందరూ బా అనేవాళ్ళు. వాళ్ళమ్మ కుట్టిన బొంత పేలికొకటి ఆమె దగ్గర మిగిలింది, దాని మీద గులాబీ తీగ. ఆ పూలే తన హాల్లో ఉండాలని ఆవిడ పట్టు. సేఠ్ ఆ పేలికను కిమ్‌లోని ఒక ప్రింటింగ్ మిల్లుకు పంపి, అదే పువ్వును మఖ్మల్ మీద అచ్చు వేయించాడు. నలభై మీటర్లు, రెండు తానులు. మళ్ళీ వేయమంటే మిల్లువాళ్ళు వేయరు. నాలుగు కుర్చీలు, ఊయల బల్ల, కిటికీల కర్టెన్లు అన్నీ అందులోనే కావాలి.

తానులు దింపించి సేఠ్ గుమ్మంలోనే నిలబడి అన్నాడు: "యాదమ్మాబేన్, ఉధ్నాలో మిషన్లతో కోసే కుర్రాళ్ళు వచ్చారు. నా కొడుకు పనంతా వాళ్ళకే ఇవ్వమంటున్నాడు. ఈ ఇల్లు బాగా వస్తే వాడి నోరు మూయిస్తాను. రాకపోతే నా చేతుల్లో లేదు." ఆయన వెళ్ళాక యాదమ్మత్త చాలాసేపు తానుల మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఆ బల్ల పోతే ఆమెకు ఇంకేమీ లేదని నాకు తెలుసు. ఆమె అంత నెమ్మదిగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మఖ్మల్‌కు నూగు ఉంటుంది. కూర్చునే కుర్చీకి అది పైనుంచి కిందికి వాలాలి, లేకపోతే వీపు ఆనించగానే బట్ట పట్టుకుంటుంది. యాదమ్మత్త అరచేత్తో నిమిరి నూగు చూసుకుంది. పైనున్న తానును తనకు కావలసినట్టు తిప్పి పరిచింది. కత్తెర తీసుకుని అడిగింది. "జర చూసి చెప్పు బిడ్డా, పువ్వు తల ఎటుంది?"

ఆ క్షణాన నా ఫోన్‌లో బ్యాంకు పరీక్ష హాల్ టికెట్ వచ్చింది. మూడో ప్రయత్నం, ఇదే ఆఖరని నాన్న ముందే చెప్పేశారు. సెంటర్ ఎక్కడపడిందో వెతుక్కుంటున్నాను. తల ఎత్తలేదు. "పైకి అత్తా" అన్నాను.

ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత కోసింది.

నాలుగు రోజులు నేను పరీక్ష పేరుతో వెళ్ళలేదు. కుట్టేది గుడ్డ తిరగేసి కాబట్టి పూలు లోపలే ఉండిపోతాయి. ఆమె కుర్చీల తొడుగులూ ఊయల దిండ్లూ కుట్టి, కట్టకట్టి పంపించేసింది. రాజయ్య మామకు పువ్వు తలా తోకా ఒకటే. బిగించే రోజు సేఠూ యాదమ్మత్తా ముందే వెళ్ళారు, నేను నేరుగా కతర్‌గామ్ వెళ్ళాను. హాల్లో అడుగుపెట్టాను. నాలుగు కుర్చీల వీపులు, ఊయల వీపు... ప్రతి గులాబీ తలకిందులుగా వేలాడుతోంది. కుట్లు చూస్తే ఒక్కటీ వంకర పోలేదు. అంత బాగా కుదిరిన తప్పును నేను మళ్ళీ చూడలేదు.

బా ఊయల దగ్గరికొచ్చి, తన పేలిక పక్కన పెట్టి చూసుకుంది. "మా అమ్మ పూలు ఇలా నేలచూపులు చూడవు" అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

సేఠ్ ముఖం నల్లబడింది. "ఎవరు కోశారు ఇది?"

"నేనే సేఠ్" అంది యాదమ్మత్త. "నా చెయ్యే తప్పింది. పిల్ల ఆ దినం లేదు."

నేను ఉన్నాను. పక్కనే ఉన్నాను. ఆమె అబద్ధాన్ని అలాగే నిలవనిచ్చాను. ఇది రాయడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా సిగ్గుగానే ఉంది, అయినా రాయకపోతే ఈ జ్ఞాపకానికి అర్థం లేదు.

తిరుగుదారిలో ఇద్దరం ఆటో ఎక్కాం. స్టేషను దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆమె మెల్లగా అడిగింది.

"బిడ్డా, అవి గులాబీలేనా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను.

"బా గులాబ్ అన్నది. గులాబీలేనా, ఎర్రయా, తెల్లయా? ఇన్ని దినాలు చేతులతోటి తిప్పిన గని, ఎట్లున్నయో నాకు తెల్వది."

గుండుసూదులు, అతుకు మీద వేలు, రోజూ అడిగిన ఆ ప్రశ్న, అన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చాయి. పరీక్ష కాదు. ఏ రోజూ పరీక్ష కాదు. ఆమెకు నిజంగా తెలియక అడిగేది.

"ఎన్నాళ్ళనుంచి అత్తా?"

"మూడేండ్లాయె. కాలా మోతియా అన్నడు డాక్టరు. పోయిన చూపు రాదట, ఉన్నది ఆపెతందుకు చుక్కలు ఏసుకుంటున్న. నడిమిట్ల గింత కనవడ్తది, అదీ మసక మసక. నూలు గుడ్డయితె వేలికి తెలుస్తది. ఈ మఖ్మల్ మీద రంగు వేలికి అందుతలేదు." కొంగు సర్దుకుని, "గుడ్డిదాని చేతికి కత్తెర ఎవడిస్తడు బిడ్డా? నువ్వు గూడ ఎవరికీ చెప్పకు" అంది. వెంటనే తనే నవ్వింది. "మగ్గాల సప్పుడుకు మీ మామకు ఇనవడది, నాకు కనవడది. మా ఇంట్ల కొట్లాటే లేదు."

నాకు ఏడుపొచ్చింది. "నేను చూడకుండా చెప్పానత్తా. ఫోన్ చూసుకుంటూ చెప్పాను."

"ఎరుకే."

"తెలుసా!"

"దినాం నువ్వు బల్ల సుట్టు తిరుగుతవ్. నీ గాజులు సప్పుడయితయి. ఆ దినం కాలే."

"తెలిసి ఎందుకు కోశారు మరి?"

ఆమె నావైపు తిరిగింది. చూపు నా చెవి పక్కగా ఎక్కడో నిలిచింది. "నువ్వు చెప్పినవ్ గద బిడ్డా. నీ మాట మీద ఒక్కపారి అనుమానపడితె, రేపటి సంది నేనెట్ల కొయ్యాలె?"

మర్నాడు దుకాణం తెరిచే వేళకు నేను రింగురోడ్డులో ఉన్నాను. తప్పు నాదని సేఠ్‌కు చెప్పాను. "తల ఎటుందో చూసి చెప్పడం నా పని. చూడకుండా చెప్పాను. ఆమె అబద్ధమాడింది." ఆయన అనుమానంగా చూశాడు. "నలభై మీటర్ల గుడ్డ. ఆమె చూసుకోదా?" "మా బల్ల దగ్గర అంతే సేఠ్. ఒకరు చూస్తారు, ఒకరు కోస్తారు" అన్నాను. అబద్ధం కాదు కదా. ఆయన క్యాలెండర్ చూశాడు. "పూజకు ఎనిమిది రోజులుంది. సరిచేస్తే సరే. లేదంటే ఆమె బల్ల ఆమెది, నా తానులు నావి. ఇంకో మాట, నువ్వు పక్కన లేకుండా ఆమె కత్తెర పట్టకూడదు." ఆయనకు అర్థమైందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

కర్టెన్లకని ఉంచిన రెండో తాను ఇంకా కోయలేదు. దాంట్లో నూగు కిందికి వాలితే పువ్వు తల పైకే ఉంది, మొదటి తానుకే అచ్చు తిరగబడింది. అందులోంచి వీపులన్నీ మళ్ళీ కోశాం. ఆ ఎనిమిది రోజులు బల్ల చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో! కావాలనే గాజులు గలగలలాడించేదాన్ని. ఆమె పెదవి చివర నవ్వు కనిపించేది. ఒక్కో పువ్వూ ఎలా ఉందో చెప్పేదాన్ని: ఇది సగం విచ్చింది, అంచు గులాబీరంగు, లోపల వెన్నరంగు, దీని పక్కన రెండు మొగ్గలు, ఒకటి తల వంచింది. ఆమె కళ్ళు మూసుకుని వినేది. "ఆఁ, ఇగ కనవడ్తుంది" అనేది.

అన్నీ అయ్యేసరికి మేడమీది చిన్నగది కిటికీకి గుడ్డ చాల్లేదు. మిగిలినవల్లా తప్పు కోసిన ఆ వీపు ముక్కలే. పువ్వులను నిలబెడితే నూగు తలకిందులవుతుంది. నేను తల పట్టుకున్నాను. యాదమ్మత్త ముక్కల్ని నిమురుతూ, "కర్టెన్ మీద ఎవరన్న కూసుంటరా?" అంది. అవును కదా! కుర్చీకి పనికిరాని నూగు కర్టెన్‌కు ఏం అడ్డం? ముక్కలన్నీ తిప్పి, గులాబీకి గులాబీని కలిపి ఒక కర్టెన్ చేశాం. నూగు పైకి తిరిగినందువల్ల రంగు ముదిరింది. పూజ రోజు బా ఆ గదిలోకి వచ్చి కాసేపు నిలబడింది. "ఈ కిటికీకి మాత్రం ముందే సాయంత్రమైపోయిందే" అని, ఆ గదే తన పడకగది చేసుకుంది. సేఠ్ తానులు మళ్ళీ మా బల్ల మీదికి వచ్చాయి.

బ్యాంకు పరీక్ష ఆ ఏడాది పాసయ్యాను. దాని తర్వాతి మెయిన్స్ పరీక్ష రాయలేదు. నాన్న నెల రోజులు మాట్లాడలేదు. దాన్ని ఎవరైనా త్యాగమంటే నవ్వొస్తుంది. నాకు ఆ బల్ల కావాలి, అంతే. ఐదేళ్ళు ఇద్దరం కలిసి పనిచేశాం. చివరి రెండేళ్ళు ఆమెకు ఆ నడిమి సందు కూడా మూసుకుపోయింది. కత్తెర నాకిచ్చేసి, ఎదురుగా కుర్చీలో కూర్చుని, అతుకులు వేళ్ళతో చూసి పంపేది. ప్రశ్న మాత్రం నాకివ్వలేదు, తనే అడిగేది.

రెండేళ్ళ క్రితం వానల్లో ఆమె మంచం పట్టింది. చివరిసారి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఇంకో చేత్తో దుప్పటి తడిమింది. "కొత్తదా? పూలున్నయా దీని మీద?"

"ఉన్నాయత్తా. చిన్న చిన్న నీలం పూలు."

"తల ఎటుంది?"

తెలుసు, నాకు కూర్చున్నచోటికే కనిపిస్తోంది. అయినా లేచాను. మంచం చుట్టూ తిరిగాను, గాజులు చప్పుడయ్యేలా. వంగి చూశాను. "మీవైపే అత్తా" అన్నాను. ఆమె తల ఊపి కళ్ళు మూసుకుంది. నాలుగు రోజులకు పోయింది.

బూడిదరంగు కోడలు ఆ పాత కర్టెన్‌ను ఏం చేసుకుంటావో చేసుకొమ్మంది. బా కూడా లేదు కదా ఇప్పుడు. తెచ్చి నా బల్ల పక్క కిటికీకి వేలాడదీశాను. మధ్యాహ్నం రెండు దాటాక ఎండ దాంట్లోంచి వస్తే గదంతా గులాబీరంగు చీకటి అవుతుంది. ఆ వేళకే నేను కొత్త తాను విప్పుతాను. నా కళ్ళకు ఏ లోటూ లేదు, పువ్వు ఎటుందో పరిచేటప్పుడే తెలిసిపోతుంది. కత్తెర పట్టుకున్నాక మాత్రం చెయ్యి ఆగిపోతుంది. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి వస్తాను, గాజులు మోగుతాయి.

చూసే చెప్తున్నాను అత్తా, పైకే ఉంది.